తప్పు కాసే కర్ర కోసం గంగాభవాని

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చక్రాల షెడ్డు నేల మీద ఎందరు మేస్త్రీలు మారినా, పైన మాత్రం ఇరవై రెండేళ్లపాటు గంగాభవానే ఉండేది. పైన అంటే నిజంగా పైనే. కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ నడిచే పెద్ద క్రేనుకి ఒక గాజుగది వేలాడుతూ ఉంటుంది. నిలువు నిచ్చెనెక్కి ఆ గదిలో కూర్చుని, కింద ఖలాసీ చెయ్యి ఊపిన వైపు టన్నుకి పైబడిన చక్రాల జతని ఎత్తి, షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి తీసుకెళ్లి, లేతు మీద చప్పుడు కాకుండా దించేది. కొత్తగా వచ్చిన ఇంజనీర్లకి ఆవిడ పనితనం చూపించాలంటే ఫోర్‌మన్ నేల మీద టీ గ్లాసు పెట్టించేవాడు. గ్లాసు మూతికి బెత్తెడు ఎత్తున చక్రం వచ్చి ఆగేది. టీ తొణికేది కాదు. తర్వాత ఆవిడే దిగొచ్చి ఆ టీ తాగేసేది.

వర్క్‌షాపు ఉద్యోగం అసలు ఆవిడ భర్త అప్పలకొండది. టెక్కలి దగ్గర పల్లె నుంచి అతని తాత వర్క్‌షాపుకి వచ్చాడు, తండ్రి చేశాడు, అతనూ ఫిట్టరుగా చేస్తూ ఒక మధ్యాహ్నం గుండె ఆగి పోయాడు. అప్పటికి కూతురు శ్రావణికి మూడేళ్లు. అతని బదులు భవానికి ఉద్యోగం ఇచ్చారు. మొదట ఊడ్చే పని, తర్వాత నూనెలు పోసే పని. క్రేను డ్రైవరు సెలవు పెట్టినప్పుడల్లా నిచ్చెనెక్కి నేర్చుకుంది. ఆడమనిషి పైకెక్కడమేమిటని నలుగురూ అంటే, "కిందుంటే మీ మాటలు ఇనపడతన్నాయి. అక్కడ ఇనపడవు" అని ఎక్కేసింది.

అరవై నిండి రిటైరయ్యాక ట్రాఫిక్ కాలనీ పక్కనే కూతురితో అద్దెకుంటోంది. శ్రావణి తాల్‌బగీచాలో ఒక బడిలో ఇంగ్లీషు చెబుతుంది. రిటైరైన ఆరు నెలలకి భవానికి షుగరు బయటపడింది. రోజూ గంట నడవమన్నాడు డాక్టరు. రోడ్ల మీద టోటో రిక్షాలూ మోటారు సైకిళ్లూ నడవనివ్వవు. కాలనీ చివర రైల్వేవాళ్ల పాత గోల్ఫ్ మైదానం ఉంది. తొమ్మిది గుంటల ఆట. పచ్చగా, చల్లగా, ఖాళీగా ఉంటుంది. భవాని ఒక ఉదయం చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి నడిచింది. కాపలావాడు ఆపాడు. మెంబర్లకే ప్రవేశమన్నాడు.

"మెంబరంటే ఏటి సెయ్యాల?" అంది భవాని.

"ఆడాలి."

"అంతేనా. ఆడతాను."

కాపలావాడు నవ్వాడు గాని, కమిటీ నవ్వలేదు. ఆఫీసర్లు బదిలీలయిపోయి, వచ్చేవాళ్లు రాక, గడ్డి కోసేవాడికి జీతం ఎలా ఇవ్వాలో తెలియక, రిటైరైన ఉద్యోగులెవరైనా చేరవచ్చని వాళ్లు అప్పుడే తీర్మానించుకున్నారు. ఫారం ఇచ్చారు. గతంలో ఆడిన ఆటలు అన్న చోట ఆవిడ 'తొక్కుడుబిళ్ల, జిల్లా స్థాయి' అని రాసింది. సెక్రటరీ బెంగాలీ ఆయన. అదేదో ఆంధ్రా వైపు పెద్ద ఆట కాబోలనుకుని సంతకం పెట్టేశాడు.

బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు తన పాత కర్రల సంచి ఆవిడకి ఇచ్చేశాడు. మొదటి రోజు బంతి పెట్టి కొడితే, అది గాల్లోకి లేచి, మైదానం సగం దాటి, గడ్డి కోస్తున్న తీతు నెత్తి మీదుగా పోయి పడింది. తీతు ఆ మైదానానికి మాలీ, యాభై దాటినవాడు, ఒడియావాడైనా మనవాళ్ల మధ్య పుట్టి పెరిగి తెలుగు బాగా మాట్లాడతాడు. అతను టోపీ తీసి, బంతి ఎక్కడి నుంచి వచ్చిందో చూసి, మళ్లీ టోపీ పెట్టుకున్నాడు. ఇంతదూరం కొట్టే ఆఫీసర్లని అతను చాలా ఏళ్లుగా చూడలేదట.

దూరానికి భవానికి సాటి లేరు. చిక్కంతా దగ్గర్లో. జెండా పాతిన గుంట చుట్టూ నున్నగా దువ్వినట్టుండే గడ్డి ఉంటుంది, దాన్ని గ్రీన్ అంటారు. అక్కడిదాకా నాలుగు వందల గజాలు ఆవిడ మూడు దెబ్బల్లో వచ్చేసేది. ఆ మీద మిగిలిన ఇరవై గజాలకీ ఆరు దెబ్బలు పట్టేవి. ఒకసారి కర్ర బంతికన్నా ముందు నేలలో దిగబడి బంతి రెండడుగులు కదిలేది. ఒళ్లు మండి ఈసారి పైపైన కొడితే కర్ర బంతి నెత్తిన తగిలి, బంతి గ్రీన్ మీద ఎలకలా పరిగెత్తి, ఆ పక్కకి పోయేది. ఆ పక్క నుంచి కొడితే ఈ పక్కకి. ఆవిడ వెళ్లిన చోటల్లా అరచెయ్యంత గోతులు పడేవి. తీతు ఇసక బక్కెట్టుతో వెనకాలే తిరుగుతూ పూడ్చేవాడు.

"దీదీ, ఇయ్యాల ఎన్ని?" అనేవాడు.

"పదకొండు. నిన్నటికన్నా రెండు తక్కువ. ఇసక దాసుకో, రేపటికి పనికొస్తాది."

ఈ అవస్థంతా చూసి మహదానందం పొందే మనిషి కామేశం గారు. ఆయన రైల్వే ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరై, సుభాష్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నారు. తెల్ల టోపీ, తెల్ల బూట్లు, జేబులో ఆట నిబంధనల చిన్న పుస్తకం. పదేళ్లుగా ఆడుతున్నారు. అడక్కపోయినా సలహా చెబుతారు, అడిగితే ఇంకా ఎక్కువ చెబుతారు. భవాని బంతి అటూ ఇటూ తిరగడాన్ని ఆయన షటిల్ సర్వీసు అనేవారు.

"కర్రలో లేదు భవానమ్మా, మనసులో ఉంది," అన్నారొకసారి. "శ్వాస మీద ధ్యాస పెట్టండి. చెయ్యి దానంతటదే వస్తుంది."

"అలగేనండి. మీ జోడు మీద కూడా కొంచెం ద్యాస ఎట్టండి పంతులుగారూ, శానా సురుకుగా ఉన్నాది."

కామేశం గారు దగ్గు తెచ్చుకున్నారు. ఆయన బంతి గడ్డి దుబ్బులో ఇరుక్కున్నప్పుడల్లా చుట్టూ చూసి బూటు మొనతో నాలుగు వేళ్లు బయటికి జరుపుతారు. ఎవరూ చూడరనుకుంటారు. ముప్ఫై అడుగుల ఎత్తు నుంచి ఖలాసీ చిటికెన వేలు ఎటు ఊగిందో కనిపెట్టిన కళ్లవి, వాటికి కనిపించకుండా ఉంటుందా. కాని ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు. చేతిలో ఉన్న ముక్క తొందరపడి వేసెయ్యడం ఆవిడకి ఇష్టం ఉండదు.

అయితే ఆయన మాటే మొదట విని ఆవిడ చెడిపోయింది. దగ్గర దెబ్బలకి వెడ్జ్ అని ఒక ప్రత్యేకమైన కర్ర ఉంటుంది. ఇనప మొహం బాగా వెల్లకిలా ఉండి బంతిని పైకి లేపుతుంది. అసలైన ఆటగాళ్లు వాడేది సన్నటి అంచుది, కత్తిలాంటిది, అని కామేశం గారు తనది చూపించారు. తళతళలాడుతూ ఉంది. భవాని అలాంటిదే కొంది. వారం తిరక్కుండా మైదానంలో గోతులు రెట్టింపయ్యాయి. ఇసక చాలడం లేదని తీతు కమిటీకి అర్జీ పెట్టుకున్నాడు. కారణం అన్న చోట ఆవిడ పేరు రాశాడు.

శ్రావణికి తల్లి మీద జాలి కలిగింది. తల్లి ఇంట్లో కూడా ఊరుకోవడం లేదు. వరండాలోంచి బట్టల టబ్బులోకి బంతులు వేస్తోంది. రెండు టబ్బులోకి వెళ్తే పది గోడకి తగులుతున్నాయి. పక్కవాటా సుజాతమ్మ గారు, మీ ఇంట్లో మేకులు కొడుతున్నారా అని అడిగి వెళ్లారు. శ్రావణి ఫోనులో వెతికింది. చదివి, తల్లిని పిలిచింది.

"అమ్మా, నీలాంటోళ్లకి వేరే కర్రలున్నాయట. ఫర్‌గివింగ్ క్లబ్బులు అంటారు."

"అంటే ఏటి?"

"క్షమిస్తాయన్నమాట. మనం తప్పు కొట్టినా పెద్దగా పట్టించుకోవు."

భవాని చేతిలో బంతి పక్కన పెట్టింది. "తప్పు కాస్తాదన్నమాట. ఈ వయసుకి వొచ్చినాను, తప్పు కాసిన మనిసిని ఒక్కుణ్ని సూళ్లేదు. కర్ర కాస్తాదా?"

మర్నాడే ఇద్దరూ టోని ఇంటికి వెళ్లారు. టోని తండ్రి వెనకటి రోజుల్లో ఇంజను డ్రైవరు. టోని పెళ్లి చేసుకోలేదు, పాత బంగళా వరండాలో పాత గోల్ఫ్ కర్రలకి పిడులు మార్చి అమ్ముకుంటాడు. వరండా నిండా కర్రలే. ఆవిడ గోడు విని, అతను లోపలి ట్రంకులోంచి ఒకటి తీశాడు. పొట్టిగా, నిటారుగా ఉంది. అడుగు బల్లపరుపు. చిత్రమేమంటే దానికి రెండు వైపులా మొహాలున్నాయి, ఇటూ కొట్టవచ్చు, అటూ కొట్టవచ్చు.

"ఇది చాలా మంచిది దీదీ. ఏమీ తిప్పొద్దు, ఏమీ వొంచొద్దు. ఇల్లు ఊడ్చినట్టు ఊపితే చాలు," అన్నాడు టోని.

భవాని వరండాలోనే ఊపింది. బంతి చిన్నగా ఎగిరి, గుమ్మం దాటి, తులసి కుండీ పక్కన బుద్ధిగా ఆగింది. ఇంకోటి వేస్తే దాని పక్కనే ఆగింది. ఆవిడ టోనిని చూసి, "ఇన్నాళ్లూ దీన్ని ట్రంకులో ఎట్టి తాళమేసినావా? పాపం తగుల్తాది నీకు" అంది.

తర్వాతి నెల రోజులూ గంగాభవానిని పట్టడానికి లేదు. ఇరవై గజాల్లో రెండే దెబ్బలు, ఒక్కోసారి ఒక్కటే. తీతుకి పని లేక, ఇసక బక్కెట్టు బోర్లించి దాని మీద కూర్చుని చూసేవాడు. కామేశం గారికి మాత్రం ఆ నెలంతా శ్వాస మీద ధ్యాస కుదరలేదు. ఆయన సన్నటి కర్ర ఆయన మాటా వినడం మానేసింది. ఆవిడ బంతి జెండా పక్కన ఆగినప్పుడల్లా, "పంతులుగారూ, మనసులో ఎట్టినానండి" అని చెప్పి మరీ ముందుకి నడిచేది.

ఫిబ్రవరిలో అరవై దాటినవాళ్లకి పోటీ ప్రకటించారు. చీట్లు తీసి ఇద్దరిద్దర్ని జతచేస్తారు. తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాళ్లు ఆ గుంట గెలిచినట్టు. ఆ ఇద్దరిలో తొమ్మిది గుంటలకి ఎవరు ఎక్కువ గుంటలు గెలిస్తే వాళ్లకి స్టీలు హాట్‌బాక్సు. చీటీలో భవానికి కామేశం గారే వచ్చారు. మర్నాడు ఉదయం ఆయన చాలా హుషారుగా వచ్చారు. నిబంధనల పుస్తకంలో ఒక పేజీకి బస్సు టిక్కెట్టు పెట్టుకొచ్చారు.

"ఆ కర్ర ఒకసారి ఇలా ఇవ్వండి," అన్నారు. తిప్పి తిప్పి చూశారు. "ఇదిగో చూడండి. గుంటలోకి దొర్లించే పటర్‌కి తప్ప ఇంకే కర్రకీ రెండు ముఖాలు ఉండకూడదు. ఇది పటర్ కాదు. పోటీలో దీంతో ఒక్క దెబ్బ కొట్టినా మిమ్మల్ని బయటికి పంపిస్తారు. నాకు బాధగానే ఉంది భవానమ్మా, కాని నియమం నియమమే."

"కర్రకి రెండు మొకాలుండకూడదు. మనుసులకి ఉండొచ్చునాండి?"

"పుస్తకంలో మనుషుల గురించి లేదు," అన్నారు కామేశం గారు.

ఆయన చెప్పింది నిజమేనని సెక్రటరీ కూడా అన్నాడు. భవాని ఇంటికి వచ్చి, సంచి మూల పెట్టి, ఆ పూట అన్నం తినకుండా మజ్జిగ తాగి పడుకుంది. క్రేను దిగే చివరి రోజున కూడా ఆవిడ ఇంత దిగులు పడలేదు. ఆ రోజు పని అయిపోయింది, దిగింది. ఇదైతే ఇప్పుడిప్పుడే చేతికి వచ్చింది, ఎవరో వచ్చి లాక్కున్నారు.

సాయంత్రానికి లేచింది. మొహం కడుక్కుని, రెండు మొహాల కర్రని పాత తువ్వాల్లో చుట్టి, నడుచుకుంటూ సుభాష్‌పల్లిలో కామేశం గారింటికి వెళ్లింది.

"పంతులుగారూ, ఇది నా ఇంట్లో ఉంటే నా సెయ్యి ఊరుకోదండి. పోటీ అయినంతవరకూ మీకాడ ఎట్టండి. మీరైతే నియమం ఎరిగినోరు. ముట్టరు."

కామేశం గారు దాన్ని రెండు చేతులా అందుకున్నారు. "మీ నమ్మకం వమ్ము చెయ్యను" అన్నారు. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

మర్నాడు మళ్లీ టోని వరండా. టోని చేతులు జోడించాడు. "నాకు రూలు తెలీదు దీదీ. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఉంది, మంచి కర్రే అనుకున్నాను. ఇంకోటి ఇస్తాను, ఏమీ ఇవ్వొద్దు."

"ఊరికే వొద్దు. పాతది నీకే ఇచ్చీసి మార్సుకుంటాను, కాపోతే అది ఇప్పుడు సుబాస్‌పల్లిలో పనిమీదున్నాది," అంది భవాని. "ఈసారి నువ్వు సెప్పొద్దు. నాను సూసుకుంటాను."

టోని అయిదు వెడ్జ్‌లు వరసగా పెట్టాడు. భవాని వాటిని బంతితో పరీక్షించలేదు. ఒక్కొక్కటీ తీసి సిమెంటు గచ్చు మీద నిలబెట్టి, వంగి, ముందు అంచు నేలకి ఎంత ఎత్తున ఉందో చూసింది. తర్వాత పెరట్లో అంట్లు తోముకునే కొళాయి పక్క తడి మట్టిలోకి వెళ్లింది. బంతి లేకుండా ఒక్కోదానితో ఒక్కో దెబ్బ వేసింది. మొదటిది, కామేశం గారి దానిలాంటి సన్నటిది, రెండు వేళ్ల లోతు దిగింది. రెండోది వేలు లోతు. చివరిది అన్నిటికన్నా మోటుగా ఉంది. అడుగు మూడు వేళ్ల వెడల్పు, వెనకభాగం ఉబ్బుగా, అట్లకాడని ఎవరో సుత్తితో కొట్టినట్టు. అది మట్టిని గీసుకుంటూ జారి అవతలికి పోయింది. గొయ్యి పడలేదు.

"సన్న అడుగు కత్తి లాంటిది దీదీ, తగిలితే దిగబడుద్ది," అన్నాడు టోని. "ఇది పడవ లాంటిది. నేల తగిలినా జారుద్ది. బరువంతా అంచులకి పెట్టారు, బంతి పక్కగా తగిలినా మరీ పోదు. కాని ఎవరూ కొనరు. ఇది సంచిలో ఉంటే ఆట రాదని అందరికీ తెలిసిపోతుందని సిగ్గు."

"నాకు రాదు కదేటి. దాసుకోడానికి ఆడతానా?"

శ్రావణి అంది, "అమ్మా, ఇంకొంచెం అందంగా ఉన్నది ఆ నాలుగోది చూడు."

భవాని తల అడ్డంగా ఊపింది. చేతులు కడుక్కుంటూ కూతురికి చెప్పింది. "నా సెయ్యి సంగతి నాకు ఇప్పుడు తెలిసినాదే. ఇరవై రెండేళ్లు బరువుని కిందకి దించిన సెయ్యి. దించే ముందర నెమ్మది అయిపోతాది. బంతి కాడకొచ్చినా అదే సేస్తన్నాది, ముందే దించెత్తన్నాది. ఈ సెయ్యిని ఇప్పుడు మార్సలేను, మార్సను కూడాను. అన్నం ఎట్టిన సెయ్యి. అది దిగినా ఏటీ అనని కర్ర కావాల. అందం నాకెందుకు."

ఆ అట్లకాడ కర్ర తీసుకుని ఇద్దరూ ఇంటికి వచ్చారు. మొదటి వారం అంత బాగా ఏమీ లేదు. రెండు మొహాల దాంతో వచ్చినట్టు బంతి బుద్ధిగా ఆగలేదు, పదింట్లో నాలుగు దూరంగా పోయేవి. కాని దిగబడటం పోయింది. ఎలక పరుగు పోయింది. తప్పు కొట్టినా బంతి ఏదో ఒక మూల గ్రీన్ మీదికి చేరేది. ఆవిడ ఈసారి కామేశం గారి కంట పడకుండా మధ్యాహ్నాలు ఆడింది. ఎవరైనా అడిగితే, కర్ర లేక మనసు మీద పెట్టి ఆడుతున్నానని చెప్పేది.

పోటీకి నాలుగు రోజుల ముందు తీతు ఆవిడ ఇంటి దాకా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. నవ్వు ఆపుకోవడానికి పెదాలు కొరుక్కుంటున్నాడు.

"దీదీ, కామేశం దాదా రోజూ తెల్లారగట్ల ఎవరూ రాకముందే వొస్తన్నాడు. ఏడో జెండా ఎనకాల, పొదల సాటున. నీ రెండు మొకాల కర్ర పట్టుకుని. నిన్న అరగంట ఆడినాడు. ఒకటి నేరుగా గుంటలో పడితే సేతులెత్తి గంతేసినాడు."

భవాని చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "ఆయన్నేటీ అనకు తీతూ. అలవాటు పడనీ" అంది.

పోటీ ఆదివారం ఉదయం. మంచు విడిపోయి ఎండ వచ్చింది. అయిదు జతలు. శ్రావణి కూడా వచ్చింది, చేతిలో గొడుగుతో. కామేశం గారు రాగానే భవాని సంచిలోని అట్లకాడని చూసి చిన్నగా నవ్వారు. "ఇది కూడా టోని దగ్గరేనా? వంటింటి సామాను కూడా అమ్ముతున్నాడా?"

"మొకం ఒక్కటేనండి. లెక్కెట్టుకోండి."

ఆట సాగింది. ఆవిడ ఆయన పక్కనే నడిచింది, చాలా దగ్గరగా, ఆయన బంతి దగ్గరికి వెళ్లినప్పుడల్లా తనూ వెళ్లి ఊరుకుంది. ఆ రోజు ఆయన బూట్లు బుద్ధిగా ఉన్నాయి. దూరపు దెబ్బల్లో ఆవిడది పైచెయ్యి, చివరి దొర్లింపుల్లో ఆయనది. దగ్గర దెబ్బల్లో ఆయన సన్నటి కర్ర మూడుసార్లు నేలలో దిగబడింది. మూడోసారి దిగబడినప్పుడు ఆయన దాన్ని చూసిన చూపు బాగా లేదు. ఎనిమిది గుంటలయ్యేసరికి చెరి మూడు గెలిచి, రెండు సమానమయ్యాయి. తొమ్మిదోదే తేల్చాలి. మిగతా జతలవాళ్లు ఆట ముగించి గ్రీన్ చుట్టూ చేరారు.

ఇద్దరూ మూడేసి దెబ్బల్లో గ్రీన్ దగ్గరికి వచ్చారు. కామేశం గారి బంతి కుడి పక్క, గడ్డి ఊడిపోయిన నేల మీద ఉంది. ఆయన చెమట తుడుచుకున్నారు. చెయ్యి సంచిలోకి వెళ్లింది. సన్నటి కర్ర మీద ఒక క్షణం ఆగి, దాన్ని దాటి లోపలికి వెళ్లి, ఒక కర్ర బయటికి తీసింది. పొట్టిగా, నిటారుగా ఉంది. ఆట అయ్యాక ఆవిడకి తిరిగి ఇచ్చేద్దామని తెచ్చానని తర్వాత అన్నారు. అది నిజమే కావచ్చు. పదిహేను రోజులుగా అలవాటైన చెయ్యి మరి, దాని పని అది చేసింది.

తీతు నోరు తెరిచాడు. భవాని కంటితో అతని నోరు మూయించింది. సెక్రటరీ ఆ సమయానికి ఫోను మాట్లాడుతున్నాడు. కామేశం గారు ఒకసారి గాల్లో ఊపి చూసుకున్నారు.

"బాగా ఊగుతున్నాదండి," అంది భవాని.

"ఊ," అన్నారాయన, జెండా మీంచి చూపు తిప్పకుండా. ఇంకోసారి ఊపారు. శ్రావణి తల్లి మోచెయ్యి పట్టుకుంది. ఆ దెబ్బ పడితే చాలు, హాట్‌బాక్సు ఇంటికొచ్చినట్టే. కామేశం గారు ముందుకి జరిగి, బంతి పక్కన నిలబడి, ఊపిరి పీల్చుకుని, కర్ర వెనక్కి తీశారు.

"పంతులుగారూ," అంది భవాని నెమ్మదిగా, "ఆ కర్రకి రెండు మొకాలండి."

కర్ర గాల్లోనే ఆగింది. కామేశం గారు దాన్ని చూశారు, ఎవరో తన చేతిలో పెట్టినట్టు చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. దాన్ని సంచిలో దోపి, పటర్ తీసుకున్నారు. గడ్డి లేని నేల మీద దొర్లిస్తే బంతి తుళ్లుతూ వెళ్లి జెండాకి అయిదడుగుల్లో ఆగింది. మంచి దెబ్బే. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అందరికన్నా ముందు కొట్టింది భవాని.

తర్వాత ఆవిడ వంతు. అట్లకాడ కర్ర ఊపింది. బంతి కన్నా రెండు వేళ్లు ముందే నేల తగిలి దబ్బుమంది. ఆ చప్పుడు ఆవిడకి తెలుసు, శ్రావణికీ తెలుసు. సన్నటిదైతే అక్కడే పాతుకుపోయేది. ఇది జారింది. బంతి బద్ధకంగా లేచి, గ్రీన్ అంచున పడి, దొర్లి దొర్లి, మూడడుగుల్లో ఆగింది.

కామేశం గారి అయిదో దెబ్బ గుంట అంచుని ముట్టుకుని పక్కకి పోయింది. భవాని పటర్ తీసుకుని చాలాసేపు వంగి ఉండిపోయింది. బంతి ఆఖరి అంగుళంలో ఆలోచించుకుని లోపల పడింది.

కామేశం గారు టోపీ తీసి చెయ్యి కలిపారు. వదలకుండా అన్నారు, "మీ దగ్గర దెబ్బ తప్పు భవానమ్మా. బంతి కన్నా ముందు నేల తగిలింది."

"అవునండి. తప్పే. ఇది కాసీసినాది," అని కర్రని తువ్వాలుతో తుడిచింది.

ఇంటికి నడుస్తూ శ్రావణి అడిగింది. "అంతదాకా ఊరుకుని, ఆఖర్న ఎందుకు చెప్పీసినావు? కర్ర ఆయన ఇంటికి చేర్చిందే అందుకు కాదేటి?"

"అందుకే సేర్సినాను," అంది భవాని. కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది. "గాల్లోకి ఎత్తినప్పుడు ఆయన మొకం సూసినావా? సిన్న గుంటడి లాగున్నాడు. ఆయన్ని కర్ర ఓడించేస్తే నానేటి సేసినట్టు? రెండుసార్లు ఊపనిచ్చినాను కదా, ఆ సరదా సాల్లే."

మర్నాడు ఉదయం ఆవిడ హాట్‌బాక్సు నిండా ఉప్మా చేసి మైదానానికి పట్టుకెళ్లింది. మొదటి ప్లేటు కామేశం గారికి పెట్టింది. ఆయన రెండోసారి కూడా పెట్టించుకున్నారు. ఉప్పు తక్కువైందన్నారు, అల్లం ఎప్పుడు వెయ్యాలో చెప్పారు.

ఆ వారాంతంలో భవాని గోల్ బజారు నుంచి కూరగాయలతో వస్తుంటే, టోని ఇంటి వైపు నుంచి కామేశం గారు ఎదురొచ్చారు. చంకలో పొడుగాటి పొట్లం, పైనుంచి కిందిదాకా పాత బెంగాలీ పేపరు చుట్టి ఉంది. ఒక చివర మూడు వేళ్ల వెడల్పున ఉబ్బుగా ఉంది. ఆవిడ అడక్కుండానే ఆయన చెప్పారు.

"కర్టెన్ రాడ్డు. మా ఆవిడ కోటేశ్వరి తెమ్మంది."

"అలగాండి. ఒక్క కిటికీకేనా?"

"ప్రస్తుతానికి ఒక్కదానికే," అని కామేశం గారు పొట్లం చంక మార్చుకుని గబగబా సుభాష్‌పల్లి వైపు నడిచారు.